బూడిదయు సల్ఫేటును కలుపరాదు
(ఆమ్లములు, క్షారములు, లవణములను గూర్చి రైతులకు జేసిన ప్రసంగము)

బూడిద మంచి యెరువు. అమోనియము సల్ఫేటును మంచి యెరువే. రెండును కలిపి చల్లిన మఱింత మేలు గదా యని పెక్కుమంది రైతులు తలంతురు. అట్లు కలిపినచో వెల పెట్టి కొన్న సారము గాలిపాలగును. కారణము తెలియవలెనన్న ఆమ్ల క్షారముల స్వభావము కొంత యెఱుగవలయును.

చింతపండు, నిమ్మపండు, పులిసిన మజ్జిగ, వీని పులుపునకు ఆమ్లములే కారణము. సున్నము, కట్టెబూడిద, చాకలి చవుడు క్షారగుణము గలవి; వీని నీరు వ్రేళ్లకు జాఱుడుగా నుండును. వీనిని గుర్తించుటకు ప్రతి యింటను పసుపు గలదు. పసుపులో తడి సున్నము కలిపిన ఎఱ్ఱబాఱును. పారాణి యగుట యిట్లే. దానిపై తగినంత నిమ్మరసము పిండిన మరల పచ్చనగును. ఆమ్లము క్షారముతో గలిసి, ఒకదాని గుణము నొకటి యణచగా, నీరును లవణమును ఏర్పడును. శాస్త్రమున లవణమనగా వంట ఉప్పు మాత్రమే కాదు. ఇట్లు పుట్టినవన్నియు లవణములే.

అంగళ్లలో దొరకు ఎరువులు పెక్కులు ఇట్టివే. అమోనియా యను ఘాటైన వాయువు గంధకామ్లముతో గలియగా అమోనియము సల్ఫేటగును. ఇందు నత్రజని నూటికి సుమారు 21 పాళ్లు. తిరువాన్కూరు సంస్థానమున ఆలువా యొద్ద 1947లో దీనిని తయారు చేయ నారంభించిరి. భాస్వరపు రాతిపొడి నీట కరగదు. గంధకామ్లముతో గలిపిన కరగు లవణముగా మాఱును. అదియే సూపరు ఫాస్ఫేటు. ఈ పద్ధతికి ఇంగ్లండులో లాస్ అను నతడు 1842లో పేటెంటు పొందెను. రాణిపేటలో 1906లో దీని కర్మాగారము వెలసెను. గంధకామ్లము ఒడలిని కాల్చును గాన ఇది ఇంట జేయదగిన పని కాదు.

ఇక అసలు విషయము. చిటికెడు సల్ఫేటును, చిటికెడు తడి సున్నమును ఒక పెంకుపై నలిపి దూరము నుండి వాసన చూచిన, ముక్కు నదరగొట్టు ఘాటు వచ్చును. సున్నము గంధకామ్లపు భాగమును తనతో గలుపుకొని జిప్సముగా మాఱి, అమోనియాను వెడలగొట్టును. ఆ ఘాటే పైరునకు జెందవలసిన నత్రజని. బూడిదయు నిట్లే చేయును. సూపరు ఫాస్ఫేటులో సున్నము కలిపినచో నత్రజని పోకున్నను, కరగు భాస్వరము మరల కరగనిదగును.

కావున రైతులు ఈ క్రింది నియమములు పాటింపవలయును.

1. సున్నమును గాని బూడిదను గాని ఈ యెరువులతో కలిపి నిలువచేయరాదు; ఒకేనాడు చల్లరాదు.

2. వానిని ముందుగా దుక్కిలో గలిపి, కొన్ని వారములైన పిమ్మట ఎరువు వేయవలయును.

3. సల్ఫేటును మట్టిలో గలియునట్లు వేయవలయును. చవుడు నేలలపై పైపైన చల్లి విడిచిన నష్టము హెచ్చు.

4. ఏండ్ల తరబడి సల్ఫేటునే వాడిన నేల పులియును. పశువుల యెరువు మానరాదు. నేల పరీక్షలో పులుపు కనబడిన, చెప్పిన మేరకు సున్నము వేయవలయును.

బూడిదకు వేఱొక దినము, సల్ఫేటునకు వేఱొక దినము కేటాయించుటకు కాసు వ్యయము లేదు. ఆ పాటి యెడము పాటించిన రైతు కొన్న యెరువు అతని పైరునకే దక్కును.