తలుచుకుంటే చెయ్యి కదులుతుందా?



మా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి కొబ్బరిచెట్టు మీంచి పడి, మెడ దగ్గర వెన్ను దెబ్బతిని మంచానపడ్డాడు. మన కోనసీమలో ఇది వినని మాట కాదు. వాళ్లమ్మ సెల్‌లో వీడియో చూపించి, "మాస్టారండీ, తలకు పట్టీ కడితే ఆలోచనతోనే చెయ్యి కదులుతుందంటండి. మన సంఘం కొనిపెడుతుందాండీ?" అని అడిగింది. తెలుసుకుని చెబుతామన్నాం. ఆ తెలుసుకున్నవే ఈ నాలుగు మాటలు.

తల మీద తీగలు అంటించి మెదడులోని విద్యుత్తును నమోదు చేయడాన్ని ఈఈజీ అంటారు. మూర్ఛ రోగులకు తీస్తారు, మీలో కొందరు చూసే ఉంటారు. జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి మెదడు అలలను ఇలా నమోదు చేశాడు.

చెయ్యి ఊరకున్నప్పుడు, దాన్ని నడిపే మెదడు భాగంలో సెకనుకు సుమారు 8 నుంచి 13 సార్లు ఊగే అల ఉంటుంది. చెయ్యి కదిపినా, కదిపినట్టు ఊహించినా ఆ అల తగ్గుతుంది. కుడిచేతికి ఎడమవైపు, ఎడమచేతికి కుడివైపు, కాళ్లకు నడినెత్తిన.

బడి గేటు బయట నిలబడితే పిల్లలు ఒక్క గొంతుతో ఎక్కాలు వల్లించడం వినిపిస్తుంది. లెక్క ఇవ్వగానే ఎవరి పలక వారిదే, ఆ వల్లింపు ఆగుతుంది. ఏ గది సద్దుమణిగిందో బయటినుంచి చెప్పగలం, ఏ పిల్లవాడు ఏం రాస్తున్నాడో చెప్పలేం. ఇదీ అంతే. కుడి, ఎడమ చేతులను, కాళ్లను వేరుచేసి గుర్తించవచ్చు. ఒకే చేతి వేళ్లను గుర్తించడం చాలా కష్టం, మధ్యలో పుర్రె అడ్డుగోడ.

హైదరాబాద్ కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో చదివిన రాజేశ్ రావు గారు 2013 ఆగస్టు 12న అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో కుడిచెయ్యి కదిపినట్టు ఊహించారు. కంప్యూటర్ దాన్ని గుర్తించి, అదే ప్రాంగణంలో మరోచోట ఉన్న ఆండ్రియా స్టోకో తలపైని అయస్కాంత తీగచుట్టకు పంపింది. ఆయన వేలు కీబోర్డును నొక్కింది.

కనుక వీడియో అబద్ధం కాదని ఆ తల్లికి చెప్పాం. కానీ పట్టీ మెదడును చదువుతుందే గాని చేతిని కదపదు. కదపడానికి వేరే యంత్రం, నేర్పడానికి నిపుణులు, నెలల సాధన కావాలి. నేడు అబ్బాయికి కావలసింది ఫిజియోథెరపీ, వీల్‌చైరు, పుండ్లు పడకుండా పరుపు.

ఆమె కాసేపు ఆగి, "అయితే వాడు తలుచుకుంటే లోపల ఇంకా కదులుతోందన్నమాట" అంది. అవునమ్మా అన్నాం.

దాతలారా, ఆ మూడింటికీ ఈ ఏడు సాయం చేయండి. సైన్సు చదివే మన పిల్లలకు ఫీజు కట్టండి. ఆ రెండో యంత్రాన్ని మన ఊరికి తేవలసింది వాళ్లే. ఇన్షా అల్లాహ్, తెస్తారు.