తుంగ గుర్రముల పల్లె
(సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగము)



వేసవి విహారమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించినారు. నా వేసవి జనవరిలో వచ్చినది! ఢిల్లీ చలిలో ఉన్నిదుస్తులతో బయలుదేరి, ప్రభుత్వ కార్యముపై పెరూ దేశపు రాజధాని లీమాకు వెళ్లితిని. భూమధ్యరేఖకు దక్షిణమున అది నిండు వేసవి. పని ముగిసిన పిమ్మట సెలవు పెట్టి, ఉత్తరమున త్రుహియో నగరమునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున ఉన్న వాన్‌చాకో అను జాలరి పల్లెలో ఐదు దినములు గడిపితిని.

వేసవి యనగానే మన బందరు ఎండలను తలచుకొనవలదు. హంబోల్ట్ అను శీతల ప్రవాహము ఆ తీరము వెంబడి సాగును. అందుచేత గాలి చల్లన, వాన బహు అరుదు. అడుగు నీరు పోషకములతో పైకి పొంగుటచే చేపలకు మాత్రము కొదువ లేదు. ఎడారి అంచున పల్లె నిలిచిన కారణమిదియే.

నాకు పని యేమియు లేదు. ఉదయము ఒడ్డున కూర్చుండుట. మధ్యాహ్నము నిమ్మరసములో నానిన పచ్చి చేపముక్కలు, ఉల్లి, మిరప కలిపిన ‘సెవిచె’ భుజించుట. మిరపకాయ ఆ ఖండమునుండియే మనకు వచ్చినది గావున పరాయి తిండి యనిపించలేదు.

ఇసుకలో నిలువునా ఆనించిన తెప్పలు ఆ పల్లెకు గుర్తు. తుంగను కట్టలుగా బిగించి, మొన పైకి వంచి చేయుదురు. స్పానిషు భాషలో వాని పేరునకు ‘తుంగతో చేసిన చిన్న గుర్రము’ అని అర్థము. జాలరి గుర్రమెక్కినట్లు కూర్చుండి, వెదురు బద్దతో నీరు తోయుచు అలలను దాటును. అలపై జారుచు తిరిగివచ్చును. మోచే నాగరికతవారి మట్టిపాత్రలపై కూడ ఇట్టి తెప్పలు కానవచ్చును. మన తూర్పుతీరపు దుంగల తెప్ప నాకు జ్ఞప్తికి వచ్చినది. నీరు లోనికి వచ్చి పోవుచున్నను రెండును తేలును.

ఒక వృద్ధుడు తెప్ప కట్టుచుండగా, బసయజమాని సాయమున, ఎంతకాలము నిలుచునని అడిగితిని. “నెల, మించిన మరి కొన్ని వారములు. నీరు త్రాగి బరువెక్కును. కట్టుట కష్టము కాదు, తుంగ మిగులుటయే కష్టము” అనెను.

తుంగను ఒడ్డుచేరువ ఇసుకలో త్రవ్విన గుంటలలో పెంచుదురు. దక్షిణమున ఓడరేవునకై కట్టిన అడ్డుగోడ ఇసుక నడకను ఆపగా, ఇచ్చట తీరము కోసుకొనిపోయి, అలలు గుంటల దరికి వచ్చుచున్నవి. మన ఉప్పాడవాసులకు తీరపు కోత యెట్టిదో విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ తీరమునకును మనకును మరియొక బంధము కలదు. క్రిస్మసు వేళ వచ్చు వెచ్చని నీటికి ‘ఎల్ నీన్యో’, అనగా బాలయేసు, అని పేరిడినవారు పెరూ ఉత్తరతీర జాలరులే. 2017లో తీరజలములు మిక్కిలి వెచ్చబడగా త్రుహియో వీధులలో బురద వరద పారినది. 1904 నుండి 1924 వరకు భారత వాతావరణ శాఖాధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్, మన వర్షములకై శోధించుచు, పసిఫిక్, హిందూ మహాసముద్రములపై గాలి ఒత్తిడి త్రాసుతట్టలవలె ఒకచోట హెచ్చిన వేరొకచోట తగ్గునని కనుగొనెను. అచ్చట నీరు వెచ్చబడిన యేడు ప్రతిమారు కాకున్నను పెక్కు మారులు మనకు వాన తగ్గినది.

మిత్రులారా, రేవులు, గోడలు మన బల్లలపైకి దస్త్రములుగా వచ్చును. అంచనా వ్యయము చూతుము, సంతకము చేయుదుము. ఆ గోడకు అవతల ఎవరి తుంగగుంట ఉన్నదో దస్త్రములో నుండదు. విశ్రాంతికని వెళ్లిన నేను ఈ ఒక్క ప్రశ్నను వెంట తెచ్చుకొంటిని. ఇకమీదట అట్టి దస్త్రము నా బల్లపైకి వచ్చినచో, ఆ ప్రశ్నను దాని అంచున వ్రాసిన పిమ్మటనే సంతకము చేయుదును.