అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగితే



కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారు పనిలో చిక్కు వస్తే ఇంటర్నెట్‌లోని చర్చావేదికల్లో అడుగుతారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు, పైసా పుచ్చుకోకుండా, జవాబు చెబుతారు. అక్కడి పెద్ద బెడద, వచ్చిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ రావడం.

జావా అనే ప్రోగ్రామింగ్ భాషనే తీసుకోండి. రెండు మాటలు ఒకటేనా అని చూడడానికి కొత్తవాళ్ళు రెండు సమాన గుర్తులు పెడతారు. ఆ గుర్తు అక్షరాలను పోల్చదు. మెమరీలో రెండూ ఒకే వస్తువా అని మాత్రమే చూస్తుంది. అక్షరాలు పోల్చాలంటే 'ఈక్వల్స్' వాడాలి. ఒక్కోసారి తప్పు గుర్తు కూడా సరిగానే పనిచేసినట్టు కనిపిస్తుంది, అందుకే తప్పు ఓ పట్టాన దొరకదు. జావా నేర్చుకునే ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు ఇక్కడ పడతారు.

ఇది ఈనాటి బాధ కాదు. యూస్‌నెట్ అనే పాత వేదికలోకి అమెరికా కాలేజీల కొత్త విద్యార్థులు ఏటా సెప్టెంబరులో వచ్చి పాత ప్రశ్నలే వేసేవారు. కొన్నాళ్ళకు పద్ధతి తెలుసుకునేవారు. 1993-94లో సామాన్య జనం వచ్చిపడ్డాక ఆ రద్దీ ఆగనే లేదు. దానికి 'ముగియని సెప్టెంబరు' అని పేరు పెట్టారు. తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులు పట్టీగా రాసి పెట్టే అలవాటు ప్రచారం పొందింది ఆ వేదికల్లోనే.

2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో ఇంకో దారి పట్టింది. పాత ప్రశ్నే వస్తే దాన్ని మూసి, పాత జవాబుకు దారి చూపుతారు. మూయడానికి మామూలుగా ముగ్గురి ఓట్లు కావాలి. ఆ విషయంలో బంగారు బ్యాడ్జీ ఉన్నవారైతే ఒక్కరే చాలు. మూసిన ప్రశ్నను చాలావరకు అలాగే ఉంచుతారు. వేరే మాటలతో వెతికేవారికి అదే దారిరాయి అవుతుంది. ఏర్పాటు మంచిదే. జవాబు చెప్పేవారి ఓపిక ఊరబావి కాదు కదా!

చిక్కల్లా చెప్పే తీరులో ఉంది. "వెతికి చూడలేదా?" అని కసురుతారు. వెతకాలంటే దాని పేరు తెలియాలి. హోసూరులోనో, బళ్ళారిలోనో, రాయగడలోనో ఇంట్లో తెలుగు, బడిలో మరో భాష చదివి, మొదటిసారి ఇంగ్లీషులో ప్రశ్న రాసే అమ్మాయిని తలచుకోండి. 'రిఫరెన్సు' అన్న మాటే తెలిసి ఉంటే ఆమెకు ఆ సందేహమే రాదు. మూసేటప్పుడు "నీ పదో వరుసలో జరిగింది ఇదే, ఆ జవాబులో రెండో పేరా చూడమ్మా" అని ఒక్క ముక్క రాస్తే అర నిమిషం పని. అది లేక ఎందరో రెండో ప్రశ్న వేయకుండానే వెళ్ళిపోయారు. కొత్తవారికి తమ వేదిక ఆదరంగా లేదని 2018లో ఆ సంస్థే బాహాటంగా ఒప్పుకుంది.

2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక విసుక్కోని యంత్రాన్నే జనం అడుగుతున్నారు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ప్రశ్నలు బాగా తగ్గిపోయాయి. అయితే మనుషులు ఇంటర్నెట్‌లో రాసిపెట్టినదే ఆ యంత్రాలకు చదువు. నిన్న విడుదలైన సరుకులో తగిలిన చిక్కు గురించి ఎవరో ఒకరు ముందుగా రాయక తప్పదు.

మీ పిల్లల ప్రశ్న అక్కడ మూతపడితే కంగారుపడవద్దనండి. పాత జవాబు తమకు ఎందుకు సరిపోలేదో, తెరమీద వచ్చిన దోష సందేశం ఏమిటో, ఉన్నది ఉన్నట్టు అదే ప్రశ్నలో చేర్చవచ్చు. అప్పుడు దాన్ని మళ్ళీ తెరవాలా వద్దా అన్నది సభ్యుల ఓటుకు వెళ్ళే వీలుంది.