సాంచాకు ఏ నూనె? ఆముదం నుంచి ల్యాబ్ దాకా

సిరిసిల్ల వాళ్లకు ఈ సౌండ్ నేను చెప్పనక్కర్లేదు. టక్, టక్, టక్. పాత సాంచా నాడెను, అంటే షటిల్‌ను, నిమిషానికి వందసార్లకు పైగా ఇటు నుంచి అటు కొడుతుంది. మరి దానికి ఏ నూనె పోయాలి? "ఏదో ఒక ఆయిల్ పోయ్ రా బై" అంటే నడవదు. ఎందుకంటే కూలి మీటర్ల లెక్కన. తాను మీద నూనె మరక పడిందంటే రేటు కోతే.

ఒక్క సాంచాలోనే మూడు రకాల అవసరాలున్నాయి. ఒకటి, తిరిగే షాఫ్టు బుష్. తిరుగుడుకే నూనె పొరలాగ ఏర్పడి, లోహానికి లోహం తగలనీయదు. రెండు, నాడెను కొట్టే కామ్. అక్కడ దెబ్బకు ఆ పొర నలిగిపోతుంది. లోహాన్ని గట్టిగా పట్టుకునే రసాయనాలు కలిపిన నూనెనో, గ్రీజో కావాలి. మూడు, బట్టకు దగ్గరి భాగాలు. అక్కడ చుక్క పడినా కడిగితే పోయే నూనె ఉండాలి.

అందుకే ఇంజినీర్లు నూనెను డిజైన్ చేస్తారు. బేస్ ఆయిల్ ఒకటి తీసుకుని, అరుగుదల, తుప్పు తగ్గించే అడిటివ్‌లు పని చూసి కలుపుతారు. డబ్బా మీద వీజీ 68 అని ఉంటదే, అది 40 డిగ్రీల దగ్గర ఆ నూనె చిక్కదనం. మే నెలలో జగిత్యాల ఎండ 45 దాటితే, రేకుల షెడ్డులో అదే నూనె ఇంకా పలచబడుతుంది. పొర బక్కచిక్కి బుష్ అరుగుతుంది.

ఇక మన ఆముదం సంగతి. బండి ఇరుసుకు కందెనగా మన తాతలు వాడిందే. క్యాస్ట్రాల్ పేరులోని 'క్యాస్టర్' కూడా ఇదే. దీంట్లో దాదాపు 85-90 శాతం రిసినోలిక్ ఆమ్లం. దాని అణువులో ఉండే ఓహెచ్ గ్రూపు లోహానికి అతుక్కుంటుంది. కాకపోతే వేడికి, గాలికి నూనె ముదిరి జిగురవుతుంది. అందుకే అణువునే మార్చాలి. హైదరాబాద్ ఐఐసీటీ శాస్త్రవేత్తలు ఆముదం నుంచి వచ్చే అండిసైలెనిక్ ఆమ్లంతో ఎస్టర్లు తయారు చేసి, బేస్ ఆయిల్‌గా పనికొస్తాయా అని పరిశోధించారు.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల బీటెక్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫైనలియర్ ప్రాజెక్టుకు ఎక్కడెక్కడో ఎందుకు? ఆసామిని అడిగి ఒకే రకం సాంచాలు రెండు తీసుకోండి. రెండింట్లో వేరే వేరే నూనె. నెల రోజులు బుష్ వేడి, మోటారు లాగే కరెంటు, బట్ట మీద మరకలు రాసుకోండి. అదే యారన్, అదే పనిగంటలు ఉండాలె, లేకుంటే లెక్క తప్పుతది. ఏది గెలిచినా ఆ కాగితం ఆసామికి ఇవ్వండి. మార్కులు మీకు, మిగిలిన పైసలు ఆయనకు.

మీ ఊళ్లో సాంచాకు ఏం నూనె పోస్తున్నారో కామెంట్ పెట్టండి. మళ్లీ కలుద్దాం!