పట్టు సడలితేనే దెబ్బకు బలం

(ధర్మపురిలో జరిగిన ఉపకార వేతనాల సభలో విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

చదువు గురించి చెప్పడానికి ఇక్కడ నాకన్నా పెద్దలున్నారు. నేను ఆటల మాస్టారిని. నాకు తెలిసిన టెన్నిస్ గురించే, అందులోనూ ఒక్క విషయమే చెబుతాను. బంతిని బలంగా కొట్టాలంటే రాకెట్‌ను బిగించి పట్టుకోకూడదు.

వినడానికి తిరకాసుగా ఉంది కదూ? చిన్నప్పుడు నేనూ నమ్మలేదు. నమ్మనందుకు ఒక సంవత్సరం పోగొట్టుకున్నాను.

నేను కాలేజీలో చేరినప్పుడు సొంత రాకెట్ కొనే స్తోమత మాకు లేదు. కాలేజీ వాళ్ళు చెక్క రాకెట్ ఇచ్చారు. చేజారి విరిగితే డబ్బు కట్టాలి. మా నాన్న వేరుశనగ అమ్మి నా ఫీజు కట్టేవాడు. ఇక రాకెట్‌కు కూడా కట్టమని ఏ ముఖంతో అడగను? ఆ భయంతో వేళ్ళు తెల్లబడేలా పిడిని పట్టుకునేవాణ్ణి. రానురాను అదే బలం అనుకున్నాను. చివరి సంవత్సరంలో మోచేతి బయటివైపు నొప్పి మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. నెల తిరిగేసరికి నీళ్ళ చెంబు ఎత్తలేకపోయాను. జట్టులో నా చోటు ఇంకొకరికి వెళ్ళింది. ఆ ఏడాది మళ్ళీ ఆడలేదు.

నొప్పి తగ్గాక సేలంలో ఒక క్లబ్బుకు వెళ్ళాను. అక్కడి ముసలి మార్కర్ ఒకాయన నా ఆట కాసేపు చూశాడు. ఏమీ మాట్లాడకుండా వెనకనుంచి వచ్చి నా చేతిలోని రాకెట్‌ను లాగాడు. రాలేదు. "ఎవరైనా లాగితే రావాలి తమ్ముడూ. దానంతట అది మాత్రం జారకూడదు. అంతే పట్టు" అన్నాడు. నేను నేర్చుకున్న పాఠం అదే.

దానికి కారణం చెబుతాను. మన ముంజేతిలో మణికట్టును లోపలికి వంచే కండరాలు ఒకవైపు, వెనక్కి వంచే కండరాలు ఇంకొకవైపు ఉంటాయి. మీ అమ్మమ్మలు కవ్వంతో మజ్జిగ చిలకడం చూసే ఉంటారు. ఒక చేయి తాడు లాగుతుంటే రెండో చేయి వదలాలి. రెండు చేతులూ ఒకేసారి లాగితే కవ్వం తిరగదు. పిడికిలి బిగించినప్పుడు జరిగేది అదే. రెండువైపుల కండరాలూ ఒకేసారి లాగుతాయి, మణికట్టు కొయ్యబారిపోతుంది. కాళ్ళనుంచి నడుముకు, నడుమునుంచి భుజానికి, భుజంనుంచి చేతికి వచ్చిన ఊపు అక్కడే ఆగిపోతుంది. బంతికి వేగం ఇచ్చేది రాకెట్ తల వేగం. మామిడికాయను రాయితో కొట్టేటప్పుడు మీలో ఎవరైనా రాయిని పిసుకుతారా? తేలిగ్గా పట్టుకుని విసురుతారు. ఇదీ అంతే.

ఇంకొక సంగతి. బంతి తీగలకు తగిలి ఉండేది సెకనులో వెయ్యోవంతులు నాలుగైదు మాత్రమే. తగిలిందని మనకు తెలిసేలోగా అది వెళ్ళిపోయి ఉంటుంది. తగిలాక ఎంత బిగించినా బంతికి చేరేది ఏమీ లేదు. బిగించిన చేతికి మాత్రం అదురు ఎక్కువ చేరుతుంది. మోచేతికి వచ్చే ఈ నొప్పినే టెన్నిస్ ఎల్బో అంటారు. ఇది టెన్నిస్ వాళ్ళకే రాదు. 2004లో సచిన్ టెండూల్కర్ దీనివల్లనే కొన్ని మ్యాచ్‌లు వదులుకోవలసి వచ్చింది.

మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా 2007లో సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకుకు చేరింది. ఆమె ఫోర్‌హ్యాండ్ వీడియో చూడండి, మణికట్టు విసిరినట్టు తిరుగుతుంది. మన తమిళనాడుకు చెందిన రమేశ్ కృష్ణన్ 1989 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో అప్పటి ప్రపంచ నంబర్ వన్ మాట్స్ విలాండర్‌ను ఓడించాడు. ఆయన సర్వీసులో పెద్ద వేగం లేదు. ఎదుటివాడి వేగాన్నే మెత్తని చేతితో తిప్పి పంపేవాడు.

ఇక నేర్చుకునేవాళ్ళకు నాలుగు మాటలు. పిడికిలి పూర్తిగా బిగిస్తే పది అనుకోండి. బంతి కోసం ఎదురుచూసేటప్పుడు మూడు, నాలుగు చాలు. దెబ్బకూ దెబ్బకూ మధ్య రాకెట్ మెడను రెండో చేతితో పట్టుకుని, కొట్టే చేతికి విశ్రాంతి ఇవ్వండి. కొట్టేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదలండి. పిడి మరీ సన్నగా ఉన్నా, టేపు అరిగి నునుపెక్కినా చేయి దానంతట అదే బిగుస్తుంది. పిడి పట్టుకున్నప్పుడు ఉంగరపు వేలి కొసకూ అరచేతికీ మధ్య రెండో చేతి చూపుడువేలు పట్టేంత సందు ఉండాలి. మన ఎండలకు చెమట పడుతుంది, తువ్వాలు దగ్గర పెట్టుకోండి. అలాగని రాకెట్‌ను వేలాడదీయకండి. నెట్ దగ్గర వాలీ ఆడేటప్పుడు, వేగమైన సర్వీసును అడ్డుకునేటప్పుడు కొంచెం గట్టి పట్టే కావాలి. లేకపోతే బంతి పక్కకు తగిలి రాకెట్ తిరిగిపోతుంది. నొప్పి మొదలైతే మాత్రం నాలాగా దాచకండి.

తల్లిదండ్రులకు ఒక మాట. నా దగ్గర ఒక అమ్మాయి నేర్చుకునేది. వాళ్ళ నాన్న రోజూ కంచె బయట నిలబడి ప్రతి బంతికీ "గట్టిగా కొట్టు" అని కేకలు వేసేవారు. కేక వినపడగానే ఆ పిల్ల చేయి బిగిసేది, బంతి నెట్‌లో పడేది. ఆయన టీ తాగడానికి వెళ్ళినప్పుడు బంతి కోర్టు చివరిదాకా వెళ్ళేది. ఒకరోజు ఆయనతో "అయ్యా, రేపు ఒక్కరోజు మాట్లాడకుండా కూర్చుని చూడండి" అన్నాను. ఆయన మంచివారు, విన్నారు. ఆ అమ్మాయి పెద్ద ఛాంపియన్ ఏమీ కాలేదు. కాని ఉద్యోగం చేసుకుంటూ ఇప్పటికీ ఆడుతోంది, చేతికి నొప్పి లేదు.

రాకెట్ పట్టని పిల్లలూ ఇక్కడ ఉన్నారు. మీ చేతిలో పెన్ను ఉంది. పరీక్షలో మొదటి గంటలోనే వేళ్ళు నొప్పి పుడుతున్నాయంటే పెన్నును ఎలా పట్టుకున్నారో ఒకసారి చూసుకోండి. భయం ముందు చేతికే వస్తుంది. ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య పెన్ను కింద పెట్టి, వేళ్ళు చాపి, ఊపిరి వదిలి మళ్ళీ మొదలుపెట్టండి.

పట్టుదల ఉండవలసిందే. రోజూ తెల్లవారి మైదానానికి రావడానికి, రోజూ పుస్తకం తెరవడానికి అది కావాలి. అక్కడికి వచ్చాక చేతిని కాస్త వదులుగా ఉంచండి.