కనబడని అతుకు

(మన సంఘ వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



మేము ముప్పదియైదేండ్లు పాఠశాలలలో తెలుగును, సంస్కృతమును బోధించి విశ్రాంతి గొన్నవారము. కావున మా నోట సంధులు, సమాసములు తప్ప వేఱొకటి రాదని మీరు తలంతురు. నేడు చెప్పబోవునదియు సంధిని గూర్చియే. కాని అది అక్షరముల సంధి గాదు, ఇనుపరేకుల సంధి. ప్రమాదములో నలిగిన కారునకు పాతరేకు తొలగించి క్రొత్తరేకు అతుకు పనిని మేము కన్నులార చూచితిమి. ఆ పనిని గూర్చియు, అందు మావలన జరిగిన తప్పును గూర్చియు మీకు విన్నవించుకొందుము.

మా తండ్రిగారు కమ్మరము చేసి మమ్ము చదివించిరి. బండిచక్రపు ఇనుపపట్టాను అతుకవలసినపుడు రెండుకొసలను కొలిమిలో తెల్లగా మెఱయువఱకు కాచి, దాగలిపై నుంచి సమ్మెటతో మోదెడివారు. వేడి చాలనిచో పట్టా అతికినట్లే కనబడి నడిదారిలో విడిపోవుననియు, వేడి మితిమీఱినచో ఇనుము మాడి పెళుసగుననియు వారు చెప్పుచుండగా మేము తిత్తి ఊదుచు వింటిమి. ఆ కొలిమి చల్లాఱి చాలకాలమైనది. కాని మన కమ్మర, కంచర కుటుంబముల బిడ్డలు పలువురు నేడు కార్ల మరమ్మతు షెడ్లలో ఉన్నారు. విజయవాడ ఆటోనగరులో ఒక్క పూట తిరిగినవారికి ఈ సంగతి చెప్పనక్కఱలేదు. ఆ పని మన పనికి దూరమైనది గాదు. సమ్మెట స్థానమున విద్యుత్తు వచ్చినది, అంతియే.

ఇక మా కథ. 2019వ సంవత్సరములో మా కారును రాత్రివేళ ఒక ట్రాక్టరు తొట్టి ప్రక్కనుండి గ్రుద్దెను. దైవకృపచే ప్రాణభయము కలుగలేదు గాని, ఎడమప్రక్క తలుపుల క్రింది రన్నింగు బోర్డును, రెండు తలుపుల నడుమనుండు స్తంభపు అడుగుభాగమును నలిగిపోయెను. ఒక షెడ్డునకు పంపితిమి. మా యింట వివాహము సమీపించియుండెను. ముహూర్తమునాటికి కారు వాకిట నుండవలెనని ప్రతిదినము ఫోను చేసి తొందరపెట్టినవారము మేమే. పదవనాడు కారు వచ్చెను. రంగు అద్దమువలె మెఱయుచుండెను. మేస్త్రికి క్రొత్తబట్టలు పెట్టి పంపితిమి.

మూడేండ్లు గడచినవి. రన్నింగు బోర్డు వెంబడి రంగు పొక్కులు లేచెను. మా పూర్వవిద్యార్థి యొకడు స్వంతముగా షెడ్డు పెట్టుకొనెనని విని అచ్చటికి తీసికొనిపోతిమి. అతడు రంగు గీకి, రేకును కోసి చూచెను. లోపల నలిగిన పాతరేకు నలిగినట్లే యున్నది. దానిపైన క్రొత్తరేకును తొడుగువలె కప్పి, అక్కడక్కడ నాలుగు చుక్కలు అతికి, సందులను వ్రేలిమందము లప్పముతో పూడ్చిరి. నడిమి స్తంభపు అడుగును గ్యాసుమంటతో కాచి సాగదీసిన గుర్తులును కనబడెను.

అతడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట తలవంచుకొని యిట్లనెను: "మేష్టారూ, అప్పుడు నేను ఆ షెడ్డులోనే పని నేర్చుకుంటున్నాను. ఈ అతుకులు నా చేతివే. పెద్దాయన రాత్రికి రాత్రి ముగించమన్నాడు. కారు తమరిదని నాకు తెలియదు."

మేము "నాయనా, ఆ తొందర మాది" అంటిమి. మఱి యేమియు అనలేకపోతిమి.

తరువాత మూడుదినములు ఆ షెడ్డులో ముక్కాలిపీట వేసికొని కూర్చుండి అతడు చేసిన పనిని మొదటినుండి తుదివఱకు చూచితిమి. నేటి కారులలో పెక్కింటికి లారీకున్నట్లు వేఱుగా చట్రముండదు. రేకులే దాని ఎముకలు. ఒక్కొక్క కారు మేనిలో నాలుగైదువేల స్పాట్ వెల్డింగు చుక్కలు ఉండుట సామాన్యము. ముందుభాగము నలిగి దెబ్బను తాను మ్రింగవలెను. మనుష్యులు కూర్చుండు అఱ మాత్రము నలుగరాదు. బేలా బారెన్యీ యను ఇంజనీరు ఈ సూత్రమును రూపొందింపగా, 1959లో మెర్సిడెస్ వారు దానిని తమ కారులో ఆచరణకు తెచ్చిరి. కావున ఏ రేకు ఎక్కడ నలుగవలెనో, ఎక్కడ నిలువవలెనో తయారుచేసినవారు ముందే నిర్ణయించి యుందురు. మరమ్మతు చేయువాడు ఆ నిర్ణయమును తిరిగి నిలుపవలెను. రంగు కలిసినంత మాత్రమున పని ముగియదు.

అతడు మొదట కారు తయారుచేసినవారి మరమ్మతు గ్రంథమును తెఱచెను. నడిమి స్తంభము లోపలి బలపురేకును కాచరాదనియు, చెప్పిన చోట దప్ప కోయరాదనియు అందున్నది. కారణమడిగితిమి. ఆ జాతి ఉక్కులో బోరాను స్వల్పముగా కలిసియుండును. దానిని సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి కాచి, అచ్చులో నొక్కి, ఆ అచ్చులోనే వేగముగా చల్లార్తురు. అప్పుడది సామాన్యపు రేకునకు ఐదురెట్ల బలముగలదగును. మఱల మంట తగిలినచో ఆ బలము పోవును. ఈ మాట వినగానే మాకు తండ్రిగారి కొలిమి జ్ఞప్తికి వచ్చెను. కాచి నీటముంచి పదను పెట్టిన కొడవలి మఱల నిప్పులో పడినచో దాని పదను పోవునని మన యిండ్లలో చిన్నపిల్లలును ఎఱుగుదురు గదా! తాతలు కొడవలియందు కాపాడిన ధర్మమునే మనుమలు కారు స్తంభమునందు మఱచుచున్నారు. పాఠము తెలియక గాదు. ఇదియు ఆ పాఠమే యని తెలుపువారు లేక.

కాచి చెడిన ఆ స్తంభమును అతడు తీసివేసెను. ప్రతిచుక్కను గుర్తించి, పైరేకు మాత్రమే తెగునట్లు డ్రిల్లుతో తొలిచెను. అడుగురేకునకు గాయము తగులనీయలేదు. కారును కొలతల బల్లపై బిగించి, లాగి, కొలతలు సరిపోయిన పిమ్మటనే క్రొత్తరేకులను క్లాంపులతో నిలిపెను. తలుపులు తొడిగి, మూసి, తెఱచి, సందులు సమముగా నున్నవో లేవో చూచెను. అతికిన తరువాత వంకర తెలిసిన ప్రయోజనమేమి? బ్యాటరీ తీగలు విప్పెను. అతుకుచోట్ల రంగును గీకి, వెల్డింగును అడ్డుకొనని జింకు ప్రైమరును పూసెను.

అటుపిమ్మట అతడు చేసిన పనియే మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచినది. అదే మందము, అదే జాతి రేకుముక్కలను రెండింటిని తీసికొని స్పాట్ వెల్డింగు యంత్రముతో ఒక చుక్క అతికెను. ఆ యంత్రమునకు రెండు రాగి మొనలుండును. అవి రేకులను వందల కిలోల బరువునకు సమానమైన ఒత్తిడితో పట్టుకొనును. వాని నడుమ వేల ఆంపియరుల విద్యుత్తు సెకనులో కొద్దిభాగము మాత్రము ప్రవహించును. రేకులు కలియుచోట కరగి, ఆఱి, ఒక్కటియగును. పైకి చిన్న గుంట తప్ప ఏమియు కనబడదు. ఆ ముక్కలను వైసులో బిగించి, ఉలితో చీల్చెను. రేకులు శుభ్రముగా విడిపోయెను. మేము అది మేలేమో యనుకొంటిమి. అతడు నవ్వి, విద్యుత్తును సరిచేసి మఱియొకటి అతికి చీల్చెను. ఈసారి అతుకు విడిపోలేదు. ఒక రేకులో గుండ్రని రంధ్రము పడి, ఆ ముక్క రెండవరేకునకు బొత్తామువలె అంటుకొని వచ్చెను. "ఇదీ, మేష్టారూ, అతుకంటే. రేకు చిరగాలి గాని అతుకు విడిపోకూడదు" అనెను. అటువంటివి మూడు వరుసగా వచ్చువఱకు కారుపై చేయి వేయలేదు.

మాకు వ్యాకరణము తలపునకు వచ్చెను. సవర్ణదీర్ఘములో రెండచ్చులు కలిసి ఒక్కటే యగును. తిరిగి వేఱుచేసి చూపుట శాస్త్రజ్ఞునికి దప్ప సాధ్యముగాదు. స్పాట్ వెల్డింగు అట్టిది. యంత్రపు చేతులు చేరలేని చోట క్రొత్తరేకునకు రంధ్రములు పెట్టి, సీ.ఓ.టూ. వెల్డింగు తీగతో నింపుదురు. రేకు వేడికి వంకరపోకుండ ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ వేయుదురు. గ్రంథము అనుమతించిన చోట్ల కంచువంటి తీగను కరగించి నడుమ పోయుటయు కలదు. అప్పుడు రేకులు కరగవు, తీగయే నడుమ వచ్చి రెండింటిని కలుపును. అది ఆగమసంధివంటిది. ఏ సంధి ఎక్కడ అను నియమము మన యిష్టము గాదు.

ఒక్క హెచ్చరిక. కారు రేకులకు తుప్పుపట్టకుండ జింకు పూత యుండును. ఇనుము కరగుటకు 1538 డిగ్రీలు కావలెను. జింకు 907 డిగ్రీలకే ఆవిరియగును. ఆ పొగ పీల్చినవారికి జ్వరము వచ్చును. ఇత్తడి పోయు కంచరవారికి ఈ పొగ క్రొత్తదిగాదు. ముఖమునకు తగిన మాస్కు, గాలి వచ్చు షెడ్డు తప్పనిసరి. అతికిన పిదప సందులకు సీలరు, బోలుభాగముల లోపల మైనపుపూత పట్టింపనిచో తుప్పు లోపలినుండి తినును. మా కారునకు జరిగినది అదియే.

అతుకు తప్పిన ఫలము తుప్పుతో పోవునా యనగా, ఎల్లప్పుడు పోదు. అమెరికాలోని టెక్సాసులో 2013 డిసెంబరున జరిగిన ప్రమాదము అందులకు సాక్షి. అది 2010వ సంవత్సరపు హోండా ఫిట్; మన దేశములో జాజ్ అను పేర అమ్మినట్టిది. వడగండ్లకు దెబ్బతిన్న దాని పైకప్పును అంతకుముందే మార్చియుండిరి. తయారుచేసినవారు వెల్డింగు చేయవలెనని చెప్పగా, మరమ్మతువారు జిగురుతో అంటించిరి. పిదప దానిని కొన్నవారికి ఆ సంగతి తెలియదు. తడిరోడ్డుపై జాఱిన వేఱొక బండి వచ్చి కొట్టగా కారు నలిగి మంటలంటుకొనెను. నడుపువాడు లోపల చిక్కుకొని ఘోరముగా కాలెను. 2017లో డల్లాసు జూరీ ఆ మరమ్మతు సంస్థపై 3 కోట్ల 15 లక్షల డాలర్ల బాధ్యత మోపెను. జిగురు స్వయముగా దోషము గాదు. గ్రంథము జిగురు చెప్పిన చోట జిగురే వాడవలెను. చెప్పినది విడిచి చెప్పనిది చేయుటయే దోషము.

మా కారు పని ముగిసినపుడు ఆ శిష్యుడు కూలి పుచ్చుకొననని పట్టుపట్టెను. తప్పు ఇరువురిదియు గనుక రేకుల వెల మేమును, కూలి అతడును భరించుటకు ఒడంబడితిమి. చీల్చిన ఆ రేకుముక్క మాయొద్దనే యున్నది. నేడు సభకు తెచ్చితిమి. ఉపన్యాసానంతరమున చూడగోరువారు చూడవచ్చును.

పోషకులకు మూడు మనవులు. మన విద్యార్థినిధిలో కొంతభాగమును ఈ పని నేర్చు బాలురకును కేటాయింపుడు. ఇంజనీరింగు చదువువానికి ఇచ్చు గౌరవమును వీరికిని ఇండు. సంఘభవనములో ఒక స్పాట్ వెల్డింగు యంత్రమును, పరీక్షకు కావలసిన రేకుముక్కలను సమకూర్చి, సంవత్సరమునకు ఒకమాఱైనను నేర్పరులచే శిక్షణ యిప్పింపుడు. ఇక కారులున్న ప్రతివారును, మాతో సహా, మేస్త్రిని ముహూర్తములతో తొందరపెట్టకుడు. రంగు వేయకముందు ఒకసారి పోయి అతుకులను చూడుడు. చీల్చిన ముక్కను చూపుమని అడుగుడు. అడుగువారున్నచో చేయువాడు తన యజమానికి సమాధానము చెప్పగలడు. ఆ రాత్రి మా శిష్యునికి అట్టి ఆసరా లేకపోయెను.

 సర్వేజనాః సుఖినో భవన్తు.