రోగిశయ్యపై రెండు గ్రంథములు



కోరిన పుస్తకము బీరువాలో లేనప్పుడు పాఠకులు రెండు విధముల ప్రవర్తింతురు. కొందఱు విసుగుకొని వెడలిపోవుదురు. కొందఱు ఉన్నదానినే పట్టుకొని కూర్చుందురు. ఈ రెండవ విధమున నొక మనుష్యుని బ్రదుకు మాఱిన వృత్తాంతము గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున స్మరింపదగియున్నది. అయిదువందల యేండ్లనాటి సంగతి.

ఇగ్నేషియస్ లొయోలా 1491లో స్పెయిన్ దేశమందలి బాస్కు సీమలో నొక ప్రభువంశమున జన్మించెను. ఆయుధములయందు మక్కువ, కీర్తియందు దప్పి. ఇవియే ఆయన యౌవనము. 1521 మే 20వ తేదీన పాంప్లోనా కోటపై ఫ్రెంచివారు ఫిరంగులు ప్రయోగింపగా గుండు తగిలి ఒక కాలు విఱిగెను, రెండవది గాయపడెను. స్వగృహమునకు మోసికొని వచ్చిరి. ఎముక సరిగా అతుకలేదని మరల విఱిచి కట్టిరి. ప్రాణము దక్కినది కాని, మోకాలి క్రింద ఎముక పొడుచుకొని వచ్చి కాలు వికారముగా నుండెను. బిగుతైన జోళ్లు తొడుగుటకు వీలుపడదు! ఆ యొక్క కారణమున దానిని కోయించుకొనెను. అంతకుముందు పడిన బాధకంటె అది ఎక్కువ యుండునని వైద్యులు చెప్పినను వినలేదు. అప్పటికాయనకు ముప్పది యేండ్లు. అందము కొఱకింత ఓర్చినవాడు దేవుని కొఱకెంత ఓర్చునో అప్పుడెవ్వరు నెఱుగరు.

మంచముపై ప్రొద్దు పోక వీరుల కల్పనాగాథలు తెమ్మని యడిగెను. ఆ యింట నట్టివి లేవు. ఉన్నవి రెండే: సాక్సనీ దేశస్థుడగు లుడోల్ఫ్ రచించిన క్రీస్తు చరిత్రము, పునీతుల కథల సంపుటము. రెండును స్పానిష్ భాషలోనికి దిగినవి. భాగవతము వినుటకు పరీక్షిత్తునకు ఏడు దినములే గడువుండెను, శుకునివంటి వక్తయు నుండెను. ఈయనకు గడువు నెలల కొలదిగా నుండెను గాని, వక్త లేడు, తానే చదువుకొనవలెను.

ఇచట గమనింపవలసినది చదివిన వెంటనే కలిగిన భక్తి కాదు, అట్టిది చాలమందికి కలుగును, పోవును. పుస్తకము మూసిన పిమ్మట ఆయన తన మనస్సును కాచి చూచెను. ఒకప్పుడు తాను సేవింపదలచిన యొక గొప్పయింటి స్త్రీని గూర్చి, ఆమెతో నాడవలసిన మాటలను గూర్చి, మూడు నాలుగు గంటలు మైమఱచి యూహించుచుండెను. మఱియొకప్పుడు పునీత ఫ్రాన్సిసు చేసినది, పునీత డొమినిక్కు చేసినది తానేల చేయరాదని తలపోయుచుండెను. తలచుచున్నంత సేపు రెండును తీయనివే. విడిచిన తరువాత మాత్రము మొదటిది మనస్సును ఎండగట్టి పోయెడిది. రెండవది చల్లదనము మిగిల్చెడిది. ఈ తారతమ్యము గుర్తించుటయే ఆయన ప్రార్థనాజీవితమునకు ప్రారంభము.

పిదప చక్కని వ్రాతతో ఎత్తి వ్రాయదొడగెను. క్రీస్తు వాక్యములు ఎఱ్ఱసిరాతోను, మరియమ్మ పలుకులు నీలిసిరాతోను వ్రాసి మూడువందల పత్రముల పుస్తకము నింపెను. చేతితో వ్రాసినది కంటితో చదివినదానికంటె లోతుగ దిగునని వ్రాతపని చేయువారందఱు నెఱుగుదురు.

అయితే చదువు ప్రమాదము కూడ తెచ్చును. మరుసటి సంవత్సరము మన్రేసా పట్టణమున నున్నప్పుడు, ఒప్పుకొనిన పాపములే మరల మరల బాధింపగా, తన గదిలోని రంధ్రమునుండి దుమికి చనిపోవుదునా యన్నంతవఱకు వచ్చెను. అపుడు, కోరినది దేవుడొసగువఱకు అన్నము ముట్టని యొక పునీతుని కథ జ్ఞప్తికి వచ్చి, ఒక ఆదివారము మొదలు మఱుసటి ఆదివారమువఱకు నిరాహారుడై యుండెను. బాధ తీఱలేదు. పాపసంకీర్తనము వినిన గురువు భోజనము చేయుమని శాసించెను, ఆయన లోబడెను. పుస్తకములోని మహాత్ముడు చేసినదెల్ల పాఠకుడు చేయవలసినది కాదు. ఈ పాఠమునకు ఆయన చెల్లించిన మూల్యము తక్కువది కాదు.

ఈ యనుభవములనుండి పుట్టిన ‘ఆధ్యాత్మిక సాధనములు’ 1548లో రోమునగరమున ముద్రితమయ్యెను. అది తొందరగ చదివి ముగించునది కాదు, ఆచరించునది. అందొక చిత్రమైన పద్ధతి కలదు. విడువదలచిన దోషము నొకదానిని ఎన్నుకొని ఉదయము సంకల్పించుకొనవలెను. మధ్యాహ్న భోజనానంతరమున గంట గంటకు లెక్క చూచి, ఎన్నిసారులు తప్పినాడో అన్ని చుక్కలు ఒక గీతపై పెట్టవలెను. రాత్రి భోజనానంతరము రెండవ గీతపై పెట్టవలెను. పూటకు పూట, దినమునకు దినము, వారమునకు వారము పోల్చి చూడవలెను. చిట్టాయు ఆవర్జాయు తెలిసినవారికి దీనిని వేఱుగ బోధింప నక్కఱలేదు! తప్పులేదని బొంకు లెక్క వ్రాయుట కిందు వీలులేదు. వ్రాయువాడును తనిఖీదారుడును ఒక్కడే.

ప్రార్థన నేర్చుకొను క్రొత్తవారికి మఱింత ఉపకరించునది వేఱొకటి. ప్రభువు నేర్పిన ప్రార్థనలో మొదటి మాటయైన ‘తండ్రీ’ యనుదానియొద్దనే నిలిచి, అందు అర్థమును రుచియు దొరకునంతసేపు ముందునకు సాగవలదని యాయన చెప్పెను. ఒక గంటకాలము ఒకటి రెండు మాటలయందే గడచినను చింతలేదు. చాల తెలిసికొనుటచేత గాక, లోలోపల రుచి చూచుటచేత ఆత్మకు తృప్తి కలుగునని ఆయన మతము. రోజుకొక అధ్యాయము చొప్పున బైబిలును పరుగెత్తించి, ఏమి చదివితినో తోచని వారికిది మందు.

1540లో పోపు అనుమతించిన యేసుసభకు ఆయనయే స్థాపకుడు. ఆ సభవాడగు ఫ్రాన్సిస్ జేవియర్ 1542లో గోవాకు వచ్చెను. విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల పేరు విన్నవారు, ఆ పేరు ఆ రోగి పుట్టిన యింటిదని తెలిసికొందురు గాక.

ఆయన విద్యాభ్యాసము మఱువరానిది. ముప్పదిమూడవ యేట బార్సిలోనాలో బాలురతో పాటు లాటిను నేర్వ కూర్చుండెను. వ్యాకరణము వల్లెవేయబోవునప్పుడెల్ల భక్తిభావములు వెల్లువలై వచ్చి చదువు సాగనీయకుండెను. ప్రార్థనవేళ రానంత స్పష్టముగ పాఠమువేళ వచ్చుటచూచి, ఇది శోధనయే యని నిశ్చయించెను. ఉపాధ్యాయుని సముద్రమాత దేవాలయమునకు తోడ్కొనిపోయి, ఉన్న సంగతి దాచక చెప్పి, బార్సిలోనాలో తనకు రొట్టెయు నీళ్లును దొరకునంతవఱకు, రెండేండ్లపాటు ఒక్క పాఠమైనను తప్పక వినెదనని మాట యిచ్చెను. ఆ శోధన మరల రాలేదు.